పెరటి చెట్టు

“పెరటి చెట్టు మందుకు పనికిరా”దని సామెత. చేరువనున్నదానిని జనులు చులకన చేయుదురని దీని భావము. ఊరి పొలిమేరలోని మొక్కల విషయమున ఇది మిక్కిలి సత్యము. బొమ్మలో ఆపిలును గుర్తుపట్టు బాలుడు బడిదారి ప్రక్కనున్న గలిజేరును గుర్తింపజాలడు. ఈ లోపమును తీర్చుకొనుటకు నేడొక మంచి సాధనము లభించినది. అదియే అంతర్జాలము. కాని దానిని వాడుకొను విధము తెలిసినవారికే అది మేలు చేయును.

ఒకప్పుడు తెలుగునాటి అడవి మొక్కలను గూర్చిన గ్రంథములు తెలుగువారికే దుర్లభములై యుండెను. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1781 ప్రాంతమున సామర్లకోట చేరి, అచ్చటి తోటను నడపుచు, పరిసరములందలి మొక్కలను పరిశోధించెను. దేశీయ చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 300 చిత్రపటములతో, మూడు సంపుటములుగ, 1795 మొదలు 1820 వరకు లండను నగరమున ముద్రింపబడెను. ఆయన మొక్కల తెలుగు పేర్లను గూడ శ్రద్ధతో వ్రాసికొనెను. సోమిద యను చెట్టునకు శాస్త్రమునందు ‘సోయ్‌మిడా’ యను నామము తెలుగు మాటనుండియే వచ్చినది. ఇట్లు తెలుగు నేలపై పుట్టిన విద్య సముద్రములు దాటి, దూరదేశపు గ్రంథాలయములలో నిలిచిపోయెను.

నేడది తిరిగి వచ్చినది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అను అంతర్జాల గ్రంథాలయమున ఆ గ్రంథమును ఎవరైనను రుసుము లేక చదువవచ్చును. 2008లో ఆరంభమైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో దేశమందలి మొక్కల ఛాయాచిత్రములు కలవు. ఎవరైనను తాము చూచిన మొక్క చిత్రమును అందుంచినచో, ఎరిగినవారు దాని పేరు తెలుపుదురు. పల్లెటూరి విద్యార్థికి ఇంతకంటె భాగ్యమేమి?

అయితే, సెల్‌ఫోను క్షణములో పేరు చెప్పుచుండగా ఆకును, పూవును పరీక్షించు శ్రమ యేల యని కొందరందురు. ఈ వాదము సరికాదు. యంత్రము తానెరిగిన బొమ్మలతో క్రొత్త బొమ్మను పోల్చి చెప్పును. పలువురు చిత్రించిన మొక్కను అది చక్కగ గుర్తించును. శేషాచలపు కొండలలోని పేరీత వంటి అరుదైన మొక్క యెదురైనచో పొరబడవచ్చును. పొరపాటు పేరుతోనే ఆగదు. అడవినాభి పూవు అగ్నిజ్వాలవలె మనోహరముగ నుండును. దాని దుంప ప్రాణాంతకమైన విషము. యంత్రము చెప్పిన మాటను నమ్మి, ఏ దుంపనైనను, ఏ ఆకునైనను నోట పెట్టుకొనుట అవివేకము.

వాడుక పేరును మాత్రమే నమ్ముటయు చాలదు. గలిజేరు అను పేరు రెండు వేర్వేరు కుటుంబముల మొక్కలకు కలదు. ఒకదాని చిరుపూవులు కొమ్మల చివరి గుత్తులలో పూయును. మరియొకదాని పూవులు ఆకుల మొదళ్లయందు పూయును. ఈ భేదమును కనుగొనవలసినది కన్నులే. కావున విద్యార్థి మొదట మొక్క చెంత కూర్చుండి ఆకు అమరికను, పూవును, కాయను చూడవలెను. చూచిన తావును, దినమును వ్రాసికొనవలెను. పిదప అంతర్జాలమున సరిచూచుకొనవలెను.

మరియొక కర్తవ్యమును కలదు. అంతర్జాలమున ఎవరో ఒకరు ఉంచినదే యుండును. పసులకాపరికిని, ముసలవ్వకును తెలిసిన పేర్లు అనేకము ఇంకను ఏ పుస్తకమునకు ఎక్కలేదు. వారితోడనే అవి మాసిపోవును. ఆ పేర్లను అడిగి తెలిసికొని, మొక్క చిత్రముతో జతపరచి యుంచు బాలుడు తీసికొనువాడే గాక ఇచ్చువాడును అగును. రెండు వందల యేండ్లకు పూర్వము దూరదేశీయుడొకడు చేసిన పనిని ఆ యూరి బిడ్డలు చేయలేరా? చేసిననాడు పెరటి చెట్టు మందుకు వచ్చును.