మూత తీయని పెట్టె మీద మోజు

జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రంలో ఆకు పట్టి చూడకుండా ధర చెప్పే వ్యాపారి ఉండడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, అనుమానమొస్తే బేలు అడుగు పొరలోకి చెయ్యి పోనిచ్చి నాలుగాకులు లాగి చూస్తాడు. అదే ఊళ్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే కుర్రాడు పాత టేప్ ఎకో యంత్రం కొందామని బయల్దేరాడనుకోండి. అతనికి నలుగురూ చెప్పే సలహా దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: “మూత తీయనిది చూసి కొను. ఎవరూ చెయ్యి పెట్టనిది, లోపలి సామానంతా కంపెనీదే ఉన్నది. దాని సౌండే వేరు.”

సంగీతం వాయించేవాళ్లలో ఈ మాట వేదంలా చెల్లుబాటవుతోంది. లక్షకు పైగా ధర చెప్పే పెట్టెల్ని ఈ ఒక్క మాట మీదే అమ్ముతున్నారు. యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడెవడూ ఈ సలహా ఇవ్వడు.

టేప్ ఎకో అంటే ఓ టేప్ రికార్డరే. రెండు కొసలూ కలిపి అతికించిన టేపు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఒక హెడ్ పాటను దాని మీద రాస్తుంది. కాస్త అవతల ఉన్న హెడ్ దాన్ని చదివి వినిపిస్తుంది. మళ్లీ చుట్టు తిరిగొచ్చేసరికి ఇంకో హెడ్ పాతదాన్ని తుడిచేస్తుంది. ఒక హెడ్ నుంచి రెండోదాని దాకా టేపు నడవడానికి పట్టే కాలమే ఎకో. 1950ల్లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ రెండు ఆంపెక్స్ రికార్డర్లతో ఎల్విస్ ప్రెస్లీ గొంతుకు తెచ్చిన ప్రతిధ్వని ఇదే. 1958లో లండన్‌లో చార్లీ వాట్కిన్స్ దాన్ని కాపీక్యాట్ పేరుతో చేత్తో మోసుకెళ్లే పెట్టెలో అమర్చాడు. మరుసటేడే అమెరికాలో ఎకోప్లెక్స్ వచ్చింది. 1974లో జపాన్ రోలాండ్ కంపెనీ తెచ్చిన ఆర్‌ఈ-201 స్పేస్ ఎకో అన్నింటికంటే పేరు మోసింది. జమైకాలో లీ పెర్రీ లాంటివాళ్లు దాన్ని ఓ వాద్యంలాగే వాయించారు.

ఆ స్పేస్ ఎకో మూత ఎత్తి చూస్తే మొదట నవ్వొస్తుంది. రీళ్లు ఉండవు. పావంగుళం వెడల్పు టేపు, పళ్లెంలో జంతికల్లా, పారదర్శకమైన ప్లాస్టిక్ పలక కింద మెలికలు మెలికలుగా పడి ఉంటుంది. ఒక పక్క నుంచి రబ్బరు రోలరు దాన్ని లాగుతూ ఉంటే, రెండో పక్క నుంచి వచ్చి పడుతూ ఉంటుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్ మీద ఒక్కసారి రుద్దితే ఇటుక రంగు అంటుకుంటుంది. అది టేపు మీది ఇనుప ఆక్సైడు పొడి, అంటే ఓ రకం తుప్పే. పాటను మోసేదీ అదే, రాలి హెడ్ల సందుల్లో పేరుకుని పాట నోరు నొక్కేదీ అదే.

ఇందులో అరగనిది ఏముంది? టేపు అరుగుతుంది. అతుకు వదులవుతుంది. టేపును హెడ్‌కు ఆనించే గుడ్డ ప్యాడ్లు గట్టిపడి నున్నబడతాయి. రోలరు రబ్బరు ఎండి పగుళ్లు తీస్తుంది. ఇక కరెంటు వైపు కెపాసిటర్ల సంగతి. ఆర్‌ఈ-201 తయారీ 1990 నాటికే ముగిసింది. అంటే ఆఖర్న తయారైన పెట్టెకు కూడా ముప్పై అయిదేళ్లు. అన్నేళ్లూ ఎవరూ ముట్టుకోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో తడి ఆరిపోయి ఉంటుంది. కాబట్టి ‘చెయ్యి పడని పెట్టె’ అన్న మాటకు అర్థం ఒకటే: చెయ్యాల్సిన రిపేర్లన్నీ కొన్నవాడి నెత్తినే పడతాయి.

టేపు విషయంలో ఈ పిచ్చి మరీ ముదిరింది. కంపెనీ టేపు ఇంకా ఉందని గర్వంగా చెప్పుకుంటారు. కారు కొని, మొదటి రోజు పోసిన ఇంజిన్ ఆయిల్ ఇప్పటికీ మార్చలేదని చెప్పుకున్నట్టుంటుంది. కొత్త టేపు మాత్రం ఏదిపడితే అది వేయకూడదు. ఈ పెట్టెలో టేపు తన మీద తానే జారుతూ ఉండాలి గనక వీపుకు జారుడు పూత ఉన్న రకమే కావాలి. మామూలు టేపు వేస్తే లోపల అంటుకుపోయి నలుగుతుంది.

ఇంకో వాదం కొంచెం తెలివైనది. పాత యంత్రంలో శ్రుతి కొద్దిగా ఊగుతుంది, ఆ ఊగిసలాటలోనే జీవం ఉంది, బాగుచేయిస్తే అది పోతుంది అంటారు. సన్నని ఊగు చెవికి హాయిగానే ఉంటుంది, కాదనక్కర్లేదు. అది బాగున్న యంత్రంలోనూ ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఎండిన రోలరు తెచ్చే ఊగు వేరు. పౌరాణిక నాటకంలో పద్యం ఎత్తుకున్న నటుడు చివర రాగం తీస్తున్నాడనుకుందాం. హార్మోనియం శ్రుతి పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. వెనక నుంచి వచ్చే ఎకో పావు స్వరం కిందికి జారి, పైకెక్కి, మళ్లీ జారుతూ ఉంటే వన్స్ మోర్ అనేవాళ్లు ఉండరు. గిటారు పాటలో పరదా వెనక దాగే లోపం, నిలిపిన స్వరం దగ్గర నడిబజార్లో నిలబడుతుంది.

అసలు ‘పాత ఎకో’ అని మనవాళ్ల చెవిలో మిగిలిపోయిన శబ్దానికి టేపుతో సంబంధం ఉందా అన్నది కూడా ఆలోచించాలి. తీర్థాల్లో, శ్రీరామనవమి పందిళ్లలో వీధి పొడుగునా స్తంభాలకు హారన్లు కడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. వంద మీటర్ల అవతలి హారన్ నుంచి వచ్చే పాట, పక్కనున్న హారన్ పాట కంటే దాదాపు 0.3 సెకన్లు వెనకబడుతుంది. స్పేస్ ఎకో ఇచ్చే ఆలస్యమూ ఈ దరిదాపుల్లోదే. చిన్నప్పుడు ఊరి చివర నిలబడి విన్న ఆ తేలివచ్చే గొంతును కరెంటు స్తంభాలూ దూరమూ కలిసి తయారుచేశాయి. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు.

ఎదుటి పక్షం మాటలో నిజం లేకపోలేదు. తెలియని చెయ్యి పడితే నష్టం ఎక్కువే. రోలరు కిర్రుమంటోందని రబ్బరు మీద కుట్టుమిషను నూనె పోసినవాడి కంటే అసలు ముట్టుకోనివాడే మేలు. హెడ్లను గరుకు కాగితంతో రుద్దేవాళ్లూ ఉంటారు. దీన్నుంచి తేల్చుకోవాల్సింది, ఎవరు విప్పారు, ఏం మార్చారు అని అడగాలని. తీసేసిన పాత సామాను కవర్లో పెట్టి ఇస్తే మరీ మంచిది.

బాగుచేసేవాళ్లు మెట్ట ప్రాంతంలో ఎక్కడున్నారు అనడం కూడా తొందరపాటే. ఇలాంటి ఊళ్లలో క్యాసెట్ల రోజుల్లో టేప్ రికార్డర్లు విప్పి బతికిన రేడియో మెకానిక్కులు అందరూ పోలేదు. టేపు నలుగుతోందంటే రోలరు చూడాలని, శబ్దం మొద్దుబారిందంటే హెడ్ తుడవాలని, తర్వాత దానికి పట్టిన అయస్కాంతత్వం దించాలని వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. ఎకో పెట్టెలో వాళ్లకు తెలియనిది చాలా తక్కువ.

వాళ్లు చేయలేనిది ఒకటుంది, కరెంటును మార్చడం. జపాన్‌లో అమ్మిన పెట్టె 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఆ సాయంత్రంతో సరి. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అమెరికా ఎకోప్లెక్స్‌కు మాత్రం అదీ చాలదు. దాని మోటారు అక్కడి 60 సైకిళ్ల కరెంటు లెక్కన తిరుగుతుంది. మన 50 సైకిళ్ల మీద వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోయి, 300 మిల్లీసెకన్ల ఎకో 360 అవుతుంది. జనరేటరు మీద నడిచే ప్రోగ్రాంలో ఆ లెక్క కూడా నిలకడగా ఉండదు. ఇవన్నీ వద్దనుకునేవాడికి, టేపు లేకుండానే స్పేస్ ఎకోను అనుకరించే పెడల్ ఉంది, బాస్ కంపెనీ 2022లో తెచ్చిన ఆర్‌ఈ-202. పెళ్లి ప్రోగ్రాంకి అది చాలు. చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు.

టేపే కావాలి అనేవాడు స్పేస్ ఎకో ముందు కూర్చుని ఓ స్వరం నిలిపి పట్టాలి. మోడ్ మీట ఒకటి, రెండు, మూడు అంకెల మీద తిప్పుతూ పోతే దాని లోపల చదివే మూడు హెడ్లూ ఒక్కొక్కటిగా పలుకుతాయి. తర్వాత, ఎకోను మళ్లీ మళ్లీ తిరిగి వినిపించే ఇంటెన్సిటీ మీటను పెంచాలి. ఆరోగ్యంగా ఉన్న యంత్రం తన ఎకోను తానే మింగి కక్కుతూ ఊళ పెడుతుంది. పెట్టకపోతే టేపో హెడ్లో అయిపోయినట్టే. ఆఖరికి మూత ఎత్తి, హెడ్ మీద గోరు అడ్డంగా పోనివ్వాలి. గోటికి గాడి తగిలితే, దానికి కొత్త హెడ్ ఎక్కడ దొరుకుతుందో అమ్మేవాణ్నే అడగాలి. మూత ఎత్తితే విలువ పోతుందని అతను చెయ్యి పట్టుకుని ఆపితే, బేరం అక్కడికక్కడే ఆపేసి బస్టాండుకు నడవొచ్చు.