పట్టా ఎవరి పేరున?

స్త్రీల ఆస్తిహక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న "పట్టా ఎవరి పేరున ఉంది?" అన్నది. నాట్లు వేసేది, కలుపు తీసేది స్త్రీ. పాసుపుస్తకంలో పేరు మాత్రం మగవాడిది. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం కూతుళ్ల హక్కును దేశమంతటా గుర్తించింది. చట్టం వచ్చినంత మాత్రాన కాగితంలోకి పేరు దానంతటదే ఎక్కదని, దానికోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మనకు తెలుసు.

ఇప్పుడు స్త్రీల శ్రమతో ఇంకొక ఆస్తి తయారవుతోంది. దానికి సర్వే నంబరు లేదు, హద్దురాళ్లు లేవు. అది ఇంటర్నెట్‌లో మన వ్యాపారానికి పెట్టుకున్న పేరు. దాన్నే డొమైన్ పేరు అంటున్నారు. దీని విషయంలోనూ అదే ప్రశ్న అడగవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

శిరివెళ్ల, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో సంఘాల స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒక మార్పు కనిపిస్తోంది. జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేవాళ్లు, పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్మేవాళ్లు ఫోనులోనే ఆర్డర్లు తీసుకుంటున్నారు. కొందరు సొంతంగా వెబ్‌సైటు కూడా పెట్టించుకున్నారు. సంతోషమే. కాని "ఆ పేరు ఎవరి పేరున రిజిస్టరు చేయించినారు?" అని అడిగితే, "వెబ్‌సైటు చేసిచ్చిన పిల్లోడే చూసుకుంటాడక్కా" అని ఒకరు, "మా ఆయన నంబరు ఇచ్చినాం" అని ఇంకొకరు అంటున్నారు. డబ్బు కట్టింది వీళ్లు, సరుకు చేసేది వీళ్లు, పేరు తెచ్చింది వీళ్లు. రికార్డులో వీళ్లు లేరు.

ఇది చిన్న విషయం కాదు. డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. కౌలులాగా ఒకటి నుంచి పది సంవత్సరాల వరకు రుసుము కట్టి తీసుకుంటాం, గడువు ముగిసేలోగా మళ్లీ కట్టుకుంటాం. రిజిస్ట్రార్ దగ్గర హక్కుదారుగా ఎవరి పేరు, ఎవరి ఈమెయిలు ఉంటే ఆ పేరు మీద అధికారం వారిదే. గడువు దాటిపోతే కొంతకాలం తర్వాత దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. వెబ్‌సైటు చేసిన అబ్బాయి ఉద్యోగం వచ్చి ఊరు వదిలిపోయినా, భార్యాభర్తల మధ్య గొడవ వచ్చినా, సంఘం రెండుగా చీలినా, ఆ పేరు ఎవరి చేతిలో ఉందో వారి దయ మీద ఆమె బతుకుదెరువు ఆధారపడుతుంది. భర్త ఇంటి నుంచి గెంటేస్తే బయటికి వచ్చిన స్త్రీ కుట్టుమిషన్ తెచ్చుకోగలదేమో గాని, ఖాతాదారులకు తెలిసిన ఆ పేరును తెచ్చుకోలేదు.

"వెబ్‌సైటు ఎందుకు, ఉచితంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఉన్నాయి కదా" అని అడిగేవాళ్లున్నారు. వాటిని వాడుకోవద్దని నేను అనను. కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. కాని అది పరాయివాళ్ల అరుగు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. ఆ నిర్ణయం మంచిచెడ్డల మాట అలా ఉంచితే, అందులో పేరు తెచ్చుకున్న మామూలు కుటుంబాల స్త్రీలు తమ ప్రేక్షకులను వెంట తెచ్చుకోలేకపోయారు. మన పేరు మన దగ్గర ఉంటే ఆ అరుగు పోయినా చిరునామా మిగులుతుంది. వెబ్‌సైటును ఒక కంపెనీ నుంచి ఇంకొక కంపెనీకి మార్చుకున్నా చిరునామా మారదు.

ఆళ్లగడ్డ శిల్పాలనే చూడండి. ఎక్కడో దూరాన గుడి కట్టేవాళ్లు ఆళ్లగడ్డను వెతుక్కుంటూ వస్తారంటే, తరాల పనితనం ఆ పేరులో చేరింది కాబట్టే. పేరు కూడా పెట్టుబడే. ఈ మాట సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. మన సత్యం సంస్థకు చెందిన సత్యం ఇన్ఫోవే, 'సిఫీ' అన్న తన పేరును పోలిన 'సిఫ్ఫీనెట్' పేరుతో ఇంకొక సంస్థ డొమైన్ తీసుకున్నదని కోర్టుకు వెళ్లింది. కర్ణాటక హైకోర్టులో ఓడినా, 2004లో సుప్రీంకోర్టులో గెలిచింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదని, వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరుగా దానికి చట్టరక్షణ ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. అయితే అంత పెద్ద కంపెనీకి వకీళ్లున్నారు. శిరివెళ్లలో పచ్చళ్లు అమ్మే స్త్రీ సుప్రీంకోర్టు దాకా పోగలదా? అందుకే మొదటే కాగితం సరిగా ఉండాలి.

"తాగునీరు, కూలిరేట్లు ఇన్ని సమస్యలుండగా ఇదొక హక్కా?" అని కార్యకర్తలే నన్ను అడిగారు. ఆ సమస్యలు తీరేదాకా ఆగితే ఈ ఆస్తి కూడా మగవాళ్ల పేరున స్థిరపడిపోతుంది. అప్పుడు దీనికోసం ఇంకొక పోరాటం చేయవలసి వస్తుంది. సొంత పేరు ఉన్నంత మాత్రాన సరుకు అమ్ముడుపోదన్నది నిజమే. పట్టా ఉన్నంత మాత్రాన పంట పండదు. అయినా పట్టా అడగడం మనం మానలేదు.

చేయవలసింది కష్టమేమీ కాదు. మన దేశపు డాట్ ఇన్ పేర్లను నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తోంది. చాలాచోట్ల ఏడాదికి వెయ్యి రూపాయలలోపే దొరుకుతాయి. డాట్ భారత్‌తో తెలుగు లిపిలోనే పేరు పెట్టుకునే వీలు కూడా ఉంది. హక్కుదారుగా ఆ స్త్రీ పేరే రాయించాలి. సంఘానిదైతే సంఘం పేరు రాయించి, తీర్మానం పుస్తకంలో నమోదు చేయాలి. ఈమెయిలు, ఫోన్ నంబరు, పాస్‌వర్డు ఆమె చేతిలో ఉండాలి. రశీదు దాచుకోవాలి, గడువు తేదీ గోడ క్యాలెండరులో గుర్తుపెట్టుకోవాలి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అందరికీ కనబడకుండా ఉంటాయా అని రిజిస్ట్రార్‌ను ముందే అడగాలి. ఒంటరిగా ఉండే స్త్రీలకు ఇది భద్రతకు సంబంధించిన విషయం. ఇప్పటికే వేరేవాళ్ల పేరున ఉంటే, సంబంధాలు బాగున్నప్పుడే మార్పించుకోవాలి.

స్వచ్ఛంద సంస్థల మిత్రులకు ఒక మాట. శిక్షణలిచ్చి వెబ్‌సైట్లు పెట్టించేటప్పుడు పని తేలికవుతుందని డొమైన్‌ను మన సంస్థ పేరున తీసుకుంటున్నాం. ప్రాజెక్టు ముగిసి నిధులు ఆగితే ఆ పేరు గతి ఏమిటి? మగవాడి పేరు తీసి సంస్థ పేరు పెట్టడం స్వావలంబన కాదు. వచ్చే సమావేశంలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు ఈ లెక్క కూడా తీద్దాం. ఎవరి వ్యాపారం ఎవరి పేరున ఉందో ఒక్కొక్కరినీ అడిగి రాసుకుందాం.