డీజిలు బండీ, ఫ్యామిలీ పేరూ

"ఫ్యామిలీ కోసం తీసుకుంటున్నాన్రా" - మనవాళ్ళు కారు కొనేటప్పుడు చెప్పే మొదటి మాట ఇది. రెండో మాట "డీజిలైతే మైలేజీ కుమ్మేస్తుంది". మూడో మాట "సన్‌రూఫున్న వేరియంటే కావాలంటోంది మా ఆవిడ". మొదటి మాట నిజమైతే తర్వాతి రెండూ ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తాయో నాకు ఎంతకీ అర్థం కాదు. నాలుగు మీటర్ల లోపు డీజిలు క్రాసోవర్ల గురించి (కంపెనీలు వాటిని ఎస్‌యూవీ అంటాయి, అననివ్వండి) నాకున్న కడుపుమంట అంతా ఇవాళ కక్కేద్దామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. నాకు డీజిలంటే పగేమీ లేదు. పైగా ఆ ఇంజన్ అంటే ఇష్టం. నేను తిడుతున్నది దాన్ని కొనే మనల్ని. ఆఫీసులో ఒక సర్వరు కొనాలంటే లోడు ఎంత, వాడకం ఎంత, మూడేళ్ళకి ఖర్చెంత అని నలభై స్లైడ్లు వేసే జనం, సొంత డబ్బుతో పన్నెండు లక్షల బండి కొనేటప్పుడు పక్క క్యూబికల్ వాడు చెప్పిన ముక్క పట్టుకుని వెళ్ళిపోతారు.

ఈ "డీజిలైతే కలిసొస్తుంది" అన్న నమ్మకం ఎక్కడిదో చూద్దాం. 2010 జూన్‌లో పెట్రోలు ధరని ప్రభుత్వం వదిలేసింది, డీజిలుని మాత్రం పట్టుకుని కూర్చుంది. 2012 మే నెలాఖరున ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు, డీజిలు 41. అంటే 32 రూపాయల తేడా. ఆ రోజుల్లో కళ్ళు మూసుకుని డీజిలు కొన్నవాడు తెలివైనవాడే. 2012లో డస్టరు, 2013లో ఎకోస్పోర్టు, 2016లో విటారా బ్రెజ్జా వరసగా వచ్చాయి. బ్రెజ్జా అయితే నాలుగేళ్ళ పాటు పెట్రోలు ఊసే లేకుండా ఒట్టి డీజిలుతోనే అమ్ముడుపోయింది. అందులోది ఫియట్ వాడి 1.3 లీటర్ల ఇంజను. స్విఫ్టు, పుంటో, ఇండికా విస్టా.. సగం దేశం దాని మీదే తిరిగింది. మన బావలూ బాబాయిలూ సలహా ఇచ్చేది ఆ అనుభవంతో. వాళ్ళని తప్పుపట్టలేం.

కానీ 2014 అక్టోబర్‌లో డీజిలు ధరని కూడా వదిలేశారు. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాదు బంకుల్లో చూస్తే పెట్రోలు 107 పైన, డీజిలు 95 పైన. తేడా పన్నెండు రూపాయలు. మీరు ఇది చదివే రోజు రేటు వేసుకోండి, నా పాయింటు పెద్దగా మారదు.

సరే, లెక్క వేద్దాం. బ్రోచర్లో వేసిన మైలేజీ వద్దు, అది ఏసీ గదిలో రోలర్ల మీద తీసిన అంకె. మన ట్రాఫిక్కులో టర్బో పెట్రోలు లీటరుకి 12, డీజిలు 16 ఇస్తుందనుకుందాం. పెట్రోలుకి కిలోమీటరు దాదాపు 9 రూపాయలు, డీజిలుకి 6. అంటే కిలోమీటరుకి మూడు రూపాయల మిగులు. ఇప్పుడు అదే వేరియంటుకి పెట్రోలుకీ డీజిలుకీ ఆన్‌రోడ్ తేడా లక్షన్నర అనుకుందాం. (ఎక్కువ అనకండి. తెలంగాణాలో 2022లో పెంచిన లైఫ్ టాక్సు స్లాబుల ప్రకారం బండి ధర పది లక్షలు దాటగానే 14 శాతం కాస్తా 17 అయ్యింది. అది పెరిగిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద. డీజిలు వేరియంటు ఆ గీత ఇట్టే దాటేస్తుంది.) లక్షన్నరని మూడుతో భాగిస్తే యాభై వేల కిలోమీటర్లు.

మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రానూ పోనూ పాతిక కిలోమీటర్లు. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతాది ఇంటి నుంచి పని. శనాదివారాలు గుడీ, మాలూ, మామగారిల్లూ కలిపినా నెలకి ఆరొందలు దాటదు. యాభై వేలు తిరగాలంటే ఏడేళ్ళు పడుతుంది. ఆ లక్షన్నర కూడా లోనే కదా? తొమ్మిది శాతం వడ్డీతో ఐదేళ్ళు కడితే అది లక్షా ఎనభై ఏడు వేలు అవుతుంది. అప్పుడు ఎనిమిదేళ్ళు దాటి తొమ్మిదో ఏడు వస్తుంది. మన జనం ఐదో ఏడు రాకుండానే బండి మార్చేస్తారు. ఇంక మిగిలింది ఎవరికండీ?

"2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గింది కదా" అంటారు. తగ్గింది. చిన్న డీజిలు బళ్ళకి 31 నుంచి 18 శాతానికి వచ్చింది. పెట్రోలుకీ 29 నుంచి 18కే వచ్చింది. ఇద్దరికీ తగ్గినప్పుడు తేడాలో పెద్దగా మారేదేముంది? "ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మైలేజీ పడిపోతోంది" అన్నది కొత్త పాట. ఇది మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పాత బళ్ళకి ఆరు శాతం దాకా తగ్గొచ్చని 2025లో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. 12 ఇచ్చే బండి 11.3 ఇచ్చిందనుకోండి, మిగులు మూడు రూపాయలు మూడున్నర అవుతుంది. ఏడేళ్ళు కాస్తా ఆరేళ్ళవుతుంది, అంతే.

డబ్బు సంగతి పక్కన పెడదాం, పోతే పోయింది. నాకు అసలు మండేది డీపీఎఫ్ దగ్గర. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది. డీజిలు కారు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకి 0.25 గ్రాముల నుంచి 0.08కి దిగాలి, మసి 0.025 నుంచి 0.0045కి దిగాలి. దానికోసం పొగ గొట్టంలో ఒక పింగాణీ జల్లెడ పెట్టారు. మసి అందులో చిక్కుకుంటుంది. నిండాక దాన్ని కాల్చి బూడిద చెయ్యాలంటే పొగ వేడి ఆరొందల డిగ్రీల దాకా వెళ్ళాలి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా ఓ మాదిరి వేగంతో నడవాలి. ఐకియా సిగ్నల్ దగ్గర ఆరొందల డిగ్రీలు మనకొస్తాయి గానీ బండికి రావు :). బండి మధ్యమధ్యలో కాల్చుకోవాలని చూస్తుంది, అదనంగా డీజిలు చల్లుకుంటుంది, ఈలోపు మనం ఆపార్ట్‌మెంట్ సెల్లారులోకి వచ్చి ఇంజన్ ఆపేస్తాం. అలా కాలకుండా మిగిలిన డీజిలు కొంత ఇంజనాయిల్లోకి దిగుతుంది. పలచబడ్డ ఆయిలు ఇంజనుకి చేసే మేలేంటో మెకానికల్ వాళ్ళని అడగండి. ఈ ఖరీదైన సరంజామా అంతా చిన్న బండికి గిట్టుబాటు కాదనే మారుతీ 2020లో డీజిలుకి దణ్ణం పెట్టేసింది. దాంతోపాటే చవక డీజిలు అన్నది కూడా పోయింది. ఉన్నవాటికి పేరు మాత్రం "అందుబాటు ధర".

మా టీములో ఒకాయనకి ఎనిమిదో నెలలోనే ఆ దీపం వెలిగింది. సర్వీసు సెంటర్లో ఇచ్చిన సలహా: ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ ఎక్కి ఓ గంట తిరగండి సార్. మైలేజీ కోసం డీజిలు కొన్న మనిషి ఇప్పుడు వారం వారం ఫిల్టరు కాల్చడానికి డీజిలు పోసుకుని, టోలు కట్టి, ఊరు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. బయట మెకానిక్కు ఇంకో సలహా ఇచ్చాడట. "ఆ జల్లెడ కోసేసి, సాఫ్ట్‌వేర్లో ఆ ముక్క ఆపేస్తే జన్మలో దీపం వెలగదు సార్." సాఫ్ట్‌వేర్లో ఆపేయడం! మన వృత్తే మనకి ఎదురొచ్చింది చూడండి. 2015లో వోక్స్‌వ్యాగన్ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షని మోసం చేసిందని ఫార్వర్డులు పంచుకుని నీతులు చెప్పింది మనమే. డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు ఐఏఆర్సీ 2012లోనే తేల్చింది. ఆ జల్లెడ లేని బండిని స్కూలు గేటు ముందు ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని, పిల్ల కోసం ఎదురుచూస్తుంటాడు ఫ్యామిలీ మనిషి. ఆ గొట్టం సరిగ్గా యూకేజీ పిల్లల ముక్కు ఎత్తులో ఉంటుంది. సదరు మిత్రుడు కోయించలేదు లెండి, కానీ కోయించినవాళ్ళ పేర్లు మెకానిక్కు గడగడా చెప్పాడట. మన పొల్యూషన్ సర్టిఫికెట్టు డీజిలు బండికి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తుంది తప్ప నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికే పోదు.

మరి ఎవరు కొనాలి? వారం వారం కోదాడో ఖమ్మమో వెళ్ళొచ్చేవాడు, నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాడు కొనాలి. వాడికి పైన వేసిన లెక్కలో అసలు రెండేళ్ళకి కాస్త పైన తిరిగొచ్చేస్తుంది, హైవే మీద జల్లెడ దానంతటదే శుభ్రపడుతుంది. ఐదుగురు పెద్దవాళ్ళు, డిక్కీ నిండా సామాను, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతున్నప్పుడు ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ డీజిలు ఇచ్చే 300 న్యూటన్ మీటర్ల లాగుడు ముందు చిన్న పెట్రోళ్ళు ఆయాసపడతాయి. నెక్సాన్, సోనెట్, వెన్యూ డీజిళ్ళు కూడా ఆ పనికి భేషైనవి. అందుకే అన్నాను, నాకు ఆ ఇంజన్‌తో తగువు లేదు. డిక్కీ మాత్రం ఎవరి బండిలో అయినా అంతంతే. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు బళ్ళకి పన్ను తగ్గించిన దగ్గర్నుంచి అందరూ గీత దగ్గరే కత్తిరిస్తున్నారు. బ్రెజ్జా, నెక్సాన్, వెన్యూ, సోనెట్ నాలుగూ 3995 మిల్లీమీటర్లే. సంక్రాంతికి ఊరెళ్తే అత్తగారిచ్చిన బియ్యం బస్తా ఎవరి కాళ్ళ దగ్గర పెట్టాలో ఆ ఐదు మిల్లీమీటర్లనే అడగాలి.

ఇప్పుడు మళ్ళీ మొదటి మాట, ఫ్యామిలీ. డీజిలుకి లక్షన్నర, సన్‌రూఫు వేరియంటుకి ఇంకో ముప్పావు లక్ష పోసిన మనిషిని "పిల్లాడికి చైల్డ్ సీటు కొన్నావా?" అని అడిగి చూడండి. "పదిహేను వేలా! వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంటాడు కదా" అంటాడు. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగు ఎదురుగా! ఇంటర్ ఫిజిక్సు గుర్తు తెచ్చుకోండి. యాభై కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలో మనిషి అర మీటరు దూరంలో ఆగిపోవాలంటే గురుత్వాకర్షణకి ఇరవై రెట్ల బలం పడుతుంది. పది కిలోల పిల్లాడు ఆ క్షణంలో రెండొందల కిలోలు. ఏ తల్లి చేతులు పట్టుకోగలవు? చాలా బళ్ళలో వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలు కంపెనీ నుంచే వస్తాయి, సీటు కవర్లు కుట్టించి వాటిని కప్పేస్తున్నాం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతోనో చైల్డ్ సీటుతోనో కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఎవరైనా కట్టగా చూశారా? నేను చూసింది దుర్గం చెరువు వంతెన మీద సన్‌రూఫులోంచి నడుము దాకా బయటికొచ్చి కేకలు పెడుతున్న పిల్లల్ని, కింద స్టీరింగ్ పట్టుకుని మురిసిపోతున్న తండ్రుల్ని.

కొనబోయేవాళ్ళు షోరూముకి వెళ్ళేముందు గత ఆరు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగారో పాత బండి మీటరు చూసి రాసుకెళ్ళండి. అంకె నెలకి పదిహేను వందలు దాటకపోతే ఆ సేల్సుకుర్రాడు డీజిలు కీ తెచ్చేలోపు పెట్రోలుకి టెస్టు డ్రైవు అడగండి. పిల్లాణ్ణీ తీసుకెళ్ళండి, చైల్డ్ సీటు ఆ వెనక సీట్లో పడుతుందో లేదో అక్కడే బిగించి చూడండి.