నీటి కింద మోత

రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం బండ్లు ఆపేస్తారు. తెల్లారి ఆరుదాకా అమ్రాబాద్ పులుల అడవిలో చక్రం తిరగకూడదు. మంచి కట్టుబాటు. అదే అడవి అంచున పారే కృష్ణకు మాత్రం ఇలాంటి రక్షణ గురించి ఎవరూ ఆలోచించడం లేదు.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక లాంచీ వచ్చింది. అవతలి గట్టుకు మరబోట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం కర్ణాటకలోని గలగలి దాకా కృష్ణను నాలుగో జలమార్గంలో కలిపింది. అంటే కొల్లాపూర్ నీళ్లు కూడా కాగితం మీద ఓడల బాటే. బోట్లు ఇంకా పెరుగుతాయి, పెరగాలి కూడా. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్న ఈ ప్రాంతానికి ఆ రాబడి దక్కాల్సిందే.

అయితే గట్టు మీద మనం వినే బోటు మోత వేరు, నీళ్లలో చేప వినేది వేరు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే నీళ్లలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. బోటు అడుగున పంకా జోరుగా తిరిగితే దాని రెక్కల చుట్టూ బుడగలు పుట్టి పగులుతుంటాయి. అసలు మోత అక్కడిదే. విశాఖ రేవులో పెద్ద ఓడల కింద పుట్టేదీ అదే. ఓడల మోత తగ్గించడానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో మార్గదర్శకాలు ఇచ్చి 2023లో సవరించింది. అవి ఇష్టమైతే పాటించేవే.

మన చేపల సంగతి మరీ సున్నితం. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, జెల్ల వంటి జాతులకు గాలితిత్తి నుంచి లోచెవి దాకా చిన్న ఎముకల వరుస ఉంటుంది. తిత్తి అదిరితే ఆ అదురు నేరుగా చెవికి చేరుతుంది. అందుకే చాలా సముద్రపు చేపలకన్నా వీటికి బాగా వినిపిస్తుంది. ఆస్ట్రియా పరిశోధకులు ఓడల మోతను రికార్డు చేసి తొట్టెల్లోని చేపలకు వినిపించి, 2006లో ఫలితం ప్రకటించారు. బంగారుతీగతో సహా మూడు జాతుల్లోనూ ఒత్తిడి హార్మోను పెరిగింది. ఒకే తీరున సాగే హోరుకు మాత్రం పెరగలేదు. హెచ్చుతూ తగ్గుతూ వచ్చే మోతే వాటిని కలవరపెట్టింది. దగ్గరికొచ్చి దూరమయ్యే లాంచీ చేసేది సరిగ్గా అలాంటి మోతే.

ప్రభుత్వమే ఖర్చు పెట్టి చేపపిల్లలను వదులుతోంది. పిల్లచేపలను ఊడ్చేసే అలివి వలలు వద్దంటోంది. ఆ చేపలు బతికే నీళ్లలో మోత ఎంతుందో మాత్రం కొలవదా? సోమశిల దగ్గర నీళ్లలోకి మైకు దించి ఏడాది పాటు కొలవాలి. వలలు వేసేవాళ్లను కూర్చోబెట్టి, ఏ మడుగులో చేప చెదిరిందో అడగాలి. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో, వాగులు కలిసే చోట్ల బోట్ల వేగం తగ్గించాలి.

ఇది జరగని పని కాదు. ఓర్కా తిమింగలాల కోసం వాంకోవర్ రేవు 2017 నుంచి హారో జలసంధిలో ఓడలను నెమ్మదిగా పొమ్మని కోరుతోంది. చాలా ఓడలు ఒప్పుకున్నాయి, మోత తగ్గింది. మన లాంచీ శ్రీశైలానికి కాస్త ఆలస్యంగా చేరితే పర్యాటకుడికి నల్లమల ఇంకాసేపు కనిపిస్తుంది, అంతే. కొత్త బోట్లకు అనుమతి రాసే కాగితంలోనే ఈ వేగం షరతు పెట్టాలి. బోట్లు దిగాక పెడదామంటే వినేవాళ్లు ఉండరు.

— కృష్ణాతీరవాసి, కొల్లాపూర్