గడువు ఒకటే, దారులు వేరు

బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనం కాలపరిమితి ముగియడంతో 1917లో అంబేడ్కర్ లండన్ చదువును మధ్యలో ఆపి స్వదేశానికి రావలసి వచ్చింది. నాలుగేళ్లలోపు తిరిగివచ్చి చదువు పూర్తి చేసుకునేందుకు ఆయనకు అనుమతి లభించింది. 1920లో మళ్లీ వెళ్లిన ఆయన 1923లో రూపాయి సమస్యపై రాసిన సిద్ధాంత వ్యాసానికి డీఎస్సీ పట్టా పొందారు. గడువు పొడిగింపు దయాభిక్ష కాదని, చదువు నిలబడేందుకు విద్యాసంస్థ కల్పించవలసిన వెసులుబాటు అని ఆ ఉదంతం చెబుతోంది.

ఇవాళ విదేశీ విశ్వవిద్యాలయాల్లో అడుగుపెడుతున్న దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల తొలితరం విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఏడాది చివర కంఠస్థం చేసి రాసే పరీక్షలకు అలవాటుపడినవారికి అక్కడ వరుసగా అసైన్‌మెంట్లు ఎదురవుతాయి. సొంత వాదన కావాలి, ప్రతి ఆధారాన్నీ పేర్కొనాలి. ఆ పద్ధతి తెలియక చేసిన పొరపాటు కూడా గ్రంథచౌర్యం కిందికి రావచ్చు. అప్పు కిస్తీల కోసం చేసే పనిగంటలు రాత్రి చదువును మింగేస్తాయి.

ఇదే తరగతిలోని ఆధిపత్య కుల విద్యార్థికి ముందే వెళ్లిన అన్నలు, మేనమామలు, సీనియర్లు ఉంటారు. ఆచార్యుడిని ఎప్పుడు కలవాలో, పొడిగింపు ఎలా కోరాలో ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది. ఆ బంధువర్గపు పెట్టుబడికే మనం ప్రతిభ అని పేరు పెట్టుకున్నాం. తరతరాలుగా నోరు తెరిచి అడిగితే అవమానమే ఎదురైన ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు అడగడమే అన్నింటికన్నా కష్టమైన అసైన్‌మెంట్. ఆ మౌనం మీదే డబ్బుకు వ్యాసాలు రాసిపెట్టే దుకాణాలు బతుకుతున్నాయి. ఇంగ్లండ్‌లో 2022 నాటి చట్టం ఆ వ్యాపారాన్ని నేరంగా ప్రకటించింది. అయినా పట్టుబడితే సీటు పోయేది విద్యార్థికే.

జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, తెలంగాణలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలు విలువైనవే. కానీ విమానం ఎక్కించడంతో ప్రభుత్వ బాధ్యత తీరదు. ఫీజు గడువుకు ముందే వాయిదా సొమ్ము ఖాతాలో పడాలి. ప్రయాణానికి ముందు విద్యా రచనలో, ఆధారాల ఉటంకింపులో శిక్షణ ఇవ్వాలి. అదే పథకంలో చదివి వచ్చినవారిని మార్గదర్శకులుగా నియమించాలి. విశ్వవిద్యాలయాలూ కులాన్ని గుర్తించాలి. అమెరికాలో 2019లో బ్రాండైస్, 2022లో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయాలు తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. తోటి భారతీయుల వెలివేతతో చదువు కుంటుపడిందని విద్యార్థి చెప్పుకోవడానికి అక్కడ కనీసం ఒక మాట దొరికింది.

గడువులోగా రాయడం విద్యార్థి బాధ్యత. ఆ గడువును అందుకునే దారి చూపడం పంపినవారిదీ, చేర్చుకున్నవారిదీ.