బ్రెయిన్‌వాష్ అనేముందు ఓ మాట అడగండి

మొన్న లంచ్ దగ్గర మా టీమ్ కుర్రాడొకడు, "కొత్త మతాల్లో ఆడవాళ్ల గురించి జీవితమంతా రీసెర్చా! ఆ డబ్బుతో నాలుగు సర్వర్లు కొనొచ్చు సార్" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక నాకు సిగ్గేసింది.

ఎందుకంటారా? కొన్నేళ్ల కిందట మా అమ్మ గౌలిపురాలో ఓ సత్సంగానికి వెళ్లడం మొదలెట్టినప్పుడు, "నీకు బ్రెయిన్‌వాష్ చేశారు" అన్నది నేనే. ఎందుకెళ్తున్నావమ్మా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. బగ్ వస్తే లాగ్ తెరిచి చూడకుండా యూజర్‌ని తిట్టేవాణ్ణి మనం ఏమంటాం?

మాంట్రియల్‌కి చెందిన సోషియాలజిస్టు సుసాన్ పామర్ చేసిన పని ఆ లాగ్ చదవడమే. రజనీష్, హరేకృష్ణ, రేలియన్ వంటి కొత్త మతాల్లో ఆడవాళ్లు ఏ పాత్రల్లో ఉన్నారో దగ్గర్నుంచి చూసి, 1994లో 'మూన్ సిస్టర్స్, కృష్ణా మదర్స్, రజనీష్ లవర్స్' రాసింది. భార్యగానో, తల్లిగానో, ప్రేయసిగానో ఎలా బతకాలో తేలని కాలంలో ఒక్కో పాత్రా వేసి చూసుకునే చోటు అది, చాలామంది కొన్నాళ్లకు బయటికొచ్చేస్తారు అని ఆమె వాదన. మెదడు కడిగేస్తే వాళ్లంతా ఎలా బయటికొచ్చినట్టు?

అవన్నీ ఫారిన్ గొడవలు అంటారా? సరే, మన పాతబస్తీకే రండి. మొహర్రం అనగానే మనకు గుర్తొచ్చేది దబీర్‌పురా నుంచి ఏనుగు మీద కదిలే బీబీకా అలం, రోడ్డు మీద మాతం చేసే మగవాళ్లు. టీవీలో చూపించేదీ అంతే. ఇదే ఊళ్లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డయాన్ డిసౌజా గుమ్మం దాటి లోపలికెళ్లింది. అక్కడ మజ్లిస్ నడిపేది ఆడవాళ్లే, ప్రసంగించేదీ ఆడవాళ్లే. ఆ సంగతులతో 2014లో 'పార్టనర్స్ ఆఫ్ జైనబ్' వచ్చింది. అంతకుముందే 2006లో ఎమరీ యూనివర్సిటీకి చెందిన జాయిస్ ఫ్లూకిగర్, హైదరాబాద్‌లో తాయెత్తులు రాసి వైద్యం చేసిన ఓ ముస్లిం 'అమ్మ' మీద పుస్తకమే రాసింది. ఆవిడ దగ్గరికి హిందువులూ వచ్చేవాళ్లు, క్రైస్తవులూ వచ్చేవాళ్లు. ఆడది కాబట్టి పీర్ కాలేదు, అయినా నలుగురి మధ్యా కూర్చుని వైద్యం చేసేది.

ఇలాంటి ఆడవాళ్లని చూసి హేతువాది మూఢనమ్మకం అంటాడు. మతసంస్కర్త ఇది అసలు మతమే కాదంటాడు. మనం టైమ్‌పాస్ అంటాం. ముగ్గురికీ ఒకరితో ఒకరికి పడదు గానీ, ఆవిడని అడగక్కర్లేదన్న విషయంలో మాత్రం భలే ఏకాభిప్రాయం!

అడగడమంటే తలూపడం కాదు. దొంగబాబాలు ఉన్నారు, మోసపోయిన ఆడవాళ్లూ ఉన్నారు. ఆ మోసం ఎక్కడ జరిగిందో తెలియాలన్నా ముందు వాళ్లు చెప్పేది వినాలి కదా. ఆ వినే చదువుకి మన ఇళ్లలో ఎంత విలువిస్తున్నాం? ఎంట్రన్స్‌లో సీటు రానివాడి గతి అనేగా సోషియాలజీ అంటే మనకి! తర్వాత మన అమ్మల గురించి తెలుసుకోవడానికి అమెరికాలో అచ్చయిన పుస్తకం కొనుక్కుంటాం.

ఆ రాత్రి అమ్మని అడిగాను, ఎందుకెళ్తావని. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తార్రా" అంది.

నలభయ్యేళ్లుగా మా ఇంట్లో ఆవిడ అమ్మ, వదిన, అత్తయ్య. ఆ ఒక్క మాట వినడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీరూ మీ ఇంట్లో అడిగి చూడండి. సర్వర్లు తర్వాత కొనుక్కోవచ్చు.