బాలల వెన్నెముక

మన మీర్‌పేటలో బిడ్డ వెన్ను పక్కకు వంగినచో తల్లిదండ్రులు బడిసంచిని ముద్దాయిని చేయుదురు. సాక్ష్యము లేదు. కౌమారమున కలుగు ఈ వంపునకు కారణము పెక్కుమందియందు తెలియరాదు. వెన్నునకు పునాది కటివలయము. ఒక కాలు పొట్టియై అది ఒరిగినచో, పాదము క్రింద చెక్క నుంచినంతనే వెన్ను చక్కబడును. చక్కబడని వంపు వేఱు. అది ఎదుగుదలతో ముదురవచ్చును, బాలికలయందు మరింత. 2013లో ప్రకటితమైన అమెరికా, కెనడాల పరిశోధనలో బ్రేసు ధరించినవారిలో 72 శాతము, ధరింపనివారిలో 48 శాతము 50 డిగ్రీల వంపునకు చేరక ఎదుగుదల ముగించిరి. కావున వేళకు కనుగొనుటయే ముఖ్యము. అయినను అదే యేట మన ప్రభుత్వము ఆరంభించిన బాల స్వాస్థ్య కార్యక్రమపు 30 రుగ్మతల పట్టికలో దీనికి చోటు దొరకలేదు. బిడ్డను ముందునకు వంచి, వీపు ఒకవైపు ఉబ్బెనా యని చూచుటకు నిమిషము చాలును. కానీ ఖర్చు లేదు. బాలికలను ఉపాధ్యాయినులు చూడవచ్చును. పట్టిక మారువరకు మన పాఠశాలలు కన్నులు మూసికొని యుండవలయునా?